గంజాయి వాడేవారిలో తలనొప్పి: సమస్య - పరిష్కారం

గంజాయి వాడేవారి తలనొప్పికి కారణం వెతకాలంటే అది ఎంత తీవ్రంగా ఉందన్నదానికన్నా ఎప్పుడు వచ్చిందన్నది ముందు చూడాలి.

సమస్య: పిడుగు పడ్డట్టు మొదలై, నిమిషంలోపే భరించలేనంతగా పెరిగిన నొప్పి.
కారణం: మెదడు రక్తనాళాలు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం కావచ్చు, రక్తస్రావమూ కావచ్చు. మొదటిదాన్ని ప్రేరేపించేవాటిలో గంజాయి ఒకటి.
పరిష్కారం: మాత్ర వేసుకుని తెల్లవారేదాకా చూడకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి, తిరుపతిలోనైతే రుయాకో స్విమ్స్‌కో చేరాలి.

సమస్య: వాడిన రోజు ఏమీ ఉండదు, మానిన మర్నాడో మూడోనాడో నొసలు పట్టేస్తుంది, నిద్ర పట్టదు, అన్నం సహించదు, చిన్న మాటకే చిరాకు వస్తుంది.
కారణం: రోజూ గంజాయి తాగే తిరుపతి కుర్రవాడొకడు దర్శనానికి వెళ్లి, పొగ తాగడం నిషిద్ధమైన కొండ మీద రెండు రోజులు ఉన్నాడనుకుందాం. కంపార్ట్‌మెంటులో తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఆకలి వల్లనో, గుండుతో ఎండలో తిరిగినందుకో అనుకుంటాడు. అలిపిరి దిగి రెండు దమ్ములు లాగగానే నొప్పి తగ్గితే, గంజాయే మందని నమ్ముతాడు. నిజానికి ఆ నొప్పిని తెచ్చిపెట్టింది అలవాటే. రోజూ వాడేవారు ఒక్కసారిగా ఆపితే ఈ బాధలు సాధారణంగా 24 నుంచి 72 గంటల్లో మొదలై, తొలి వారంలో ముదిరి, రెండు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతాయి. సిగరెట్ పొగాకు కలిపి చుట్టేవారికి నికోటిన్ లేమి కూడా తోడవుతుంది. దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు.
పరిష్కారం: మళ్లీ తాగితే నొప్పి అణుగుతుంది గానీ కథ మొదటికొస్తుంది. ఆ రెండు వారాలూ నీళ్లు, వేళకు తిండి, నిద్ర తప్పకుండా చూసుకుంటూ ఓర్చుకోవాలి. నిభాయించుకోలేకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి, లేదా వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయాలి.

సమస్య: నెలలు గడిచినా దాదాపు రోజూ నొప్పి.
కారణం: పారాసిటమాల్ వంటి మామూలు మాత్రలనైనా నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పిని నిలబెడతాయి.
పరిష్కారం: గోడ క్యాలెండరులో గంజాయి తాగిన రోజుకు గీత, నొప్పికి సున్నా, మాత్రకు చుక్క పెట్టి, ఆ కాగితాన్నే చింపి డాక్టరుకు చూపించాలి. కేసు పెడతారన్న భయంతో గంజాయి సంగతి దాస్తే వైద్యం దారి తప్పుతుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం వాడకం నేరమే అయినా, స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొచ్చే వ్యసనపరులకు అందులోని 64ఏ సెక్షన్ కొన్ని షరతులతో రక్షణ కల్పిస్తోంది.