హైదరాబాదులో జపనీస్ భోజనం: విదేశాల నుంచి కొత్తగా వచ్చినవారికి కొన్ని సూచనలు

టోక్యోలోనో సింగపూర్‌లోనో కొన్నేళ్ళు ఉండి హైదరాబాదులో స్థిరపడటానికి వచ్చేవారికి అద్దె ఇళ్ళ గురించి, బడుల గురించి చెప్పేవారు కావలసినంతమంది ఉంటారు గానీ, అక్కడ అలవాటైన సుషీ (వెనిగర్ కలిపిన అన్నంతో, తరచు పచ్చి చేపతో చేసే వంటకం) ఇక్కడ ఎక్కడ బాగుంటుందని అడిగితే మాత్రం లోపలి అలంకరణను పొగిడేవారే ఎక్కువ. ఈ మధ్య నగరంలోని ఒక ఖరీదైన జపనీస్ రెస్టారెంటులో మా కుటుంబం చేసిన భోజనం ఆ పొగడ్తలకు తగ్గట్టు లేదు. వెదురు పనితనం, వెలుతురు, వడ్డించేవారి మర్యాద చక్కగానే ఉన్నాయి. పిండిలో ముంచి కరకరలాడేలా వేయించే టెంపురా మాత్రం మెత్తబడిపోయి వచ్చింది, రోల్స్ (చుట్టి కోసిన సుషీ) మీద పోసిన మయొనైజ్ కింద చేప రుచి తెలియలేదు, అన్నం చల్లగా గట్టిపడి ఉంది.

ఈ మూడింటిలో క్షమించరానిది అన్నమే. సముద్రానికి దూరంగా ఉన్న మన నగరానికి సాల్మన్ వంటి చేపలు విదేశాల నుంచి రావాలి కనుక వాటి ధర ఎక్కువగా ఉండటంలో అన్యాయమేమీ లేదు. పచ్చిగా తినే చేపలోని పరాన్నజీవులు చావడానికి మైనస్ 20 డిగ్రీల వద్ద 7 రోజులు ఉంచే పద్ధతి ఉంది కాబట్టి, గడ్డకట్టించిన చేప అనగానే నాసిరకమని అనుకోనక్కరలేదు. కానీ పొట్టి గింజ బియ్యాన్ని సరిగా వండి, వెనిగర్, పంచదార, ఉప్పు కలిపి, గోరువెచ్చగా ఉండగానే వడ్డించడానికి విమానం అక్కరలేదు, శ్రద్ధ చాలు. అందుచేత కూర్చోగానే పెద్ద ప్లాటర్ చెప్పకుండా, ముందుగా ఒక దోసకాయ రోల్ తెప్పించుకోండి. అన్నం ఫ్రిజ్‌లోంచి తీసినట్టు ఉంటే, ఖరీదైన సషిమి (అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కలు) జోలికి పోకుండా అక్కడితో ఆపడం మేలు. సుషీతో నంజుకోవడానికి వసాబి అనే ఘాటైన జపనీస్ దుంప పేరిట వచ్చే ఆకుపచ్చ ముద్ద చాలాచోట్ల హార్స్‌రాడిష్ అనే మరో ఘాటైన దుంప, ఆవాలు, రంగు కలిపి చేసిందే. జపాన్‌లోనూ మామూలు దుకాణాల్లో అదే పెడతారు కాబట్టి దానికి ఇక్కడివారిని తప్పుపట్టలేం.

శాకాహారులైన పెద్దలను వెంట తీసుకువెళ్ళేవారు మరో సంగతి గమనించాలి. మిసో సూప్‌కు (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్), చాలా సాస్‌లకు ఆధారమైన దాషీ అనే రసాన్ని సాధారణంగా ఎండబెట్టిన బోనిటో చేప తురుముతో కాస్తారు. చేప ముక్క కనబడనంత మాత్రాన అది శాకాహారమని అనుకోకుండా, దాషీ దేనితో చేశారో విడిగా అడగాలి.

ఇక బిల్లు. టిప్పు ఇచ్చే ఆచారమే లేని జపాన్ నుంచి వచ్చినవారు సర్వీస్ చార్జీ చూసి తెల్లబోతారు, అమెరికా నుంచి వచ్చినవారు అలవాటు కొద్దీ మాట్లాడకుండా కట్టేస్తారు, రెండూ అక్కరలేదు. విడిగా ఉన్న రెస్టారెంట్లలో భోజనంపై జీఎస్‌టీ 5 శాతం కాగా, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో అది 18 శాతం. అలాంటి హోటల్లో 6,000 రూపాయల భోజనానికి 10 శాతం సర్వీస్ చార్జీ వేసి, ఆ మొత్తంపై పన్ను కలిపితే 7,788 రూపాయలవుతుంది. అదే భోజనం బయట, సర్వీస్ చార్జీ లేకుండా అయితే 6,300. సర్వీస్ చార్జీని బిల్లులో తమంతట తాముగా చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మొత్తాన్ని తీసివేయమని కార్డు ఇవ్వకముందే మర్యాదగా అడగండి. మేనేజరు ఒప్పుకోకపోతే బిల్లును ఫోటో తీసుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.