పోక్సో కేసులో శిక్ష ఎక్కువ పడిందనిపిస్తే హైకోర్టులో అప్పీల్ ఎలా వెయ్యాలి

ఇంట్లో మనిషికి పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కోర్టులో 20 ఏళ్లు పడిందంటే ఆ షాక్‌లోనే రోజులు గడిచిపోతాయి, కానీ హైకోర్టుకి అప్పీల్ వెయ్యడానికి ఉన్న టైం 60 రోజులే, తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు) కోసం ఆగిన రోజులు అందులోంచి తీసేస్తారు, దాటితే ఆలస్యాన్ని మన్నించమని డిలే పిటిషన్ వేసుకోవచ్చు గానీ అక్కడిదాకా తెచ్చుకోకండి. తీర్పు కాపీ ముద్దాయికి ఫ్రీగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయ సహాయం నంబర్ 15100కి కాల్ చెయ్యండి, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే లాయర్‌ని పెడుతుంది. జైలు అధికారుల ద్వారా కూడా అప్పీల్ పంపొచ్చు.

కాపీ చేతికొచ్చాక ముందు నేరం జరిగిన తేదీ చూడండి. శిక్ష మీద గట్టిగా నిలబడే పాయింట్ ఇదే. పిల్లల మీద తీవ్రమైన అత్యాచార నేరాలకి శిక్ష చెప్పే పోక్సో సెక్షన్ 6లో కనీస శిక్ష 10 ఏళ్లు ఉండేది, 2019 ఆగస్టు 16 నుంచి 20 అయింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పెంచిన శిక్ష వెయ్యడానికి వీల్లేదు, రాజ్యాంగం ఆర్టికల్ 20(1) చెప్పేది అదే. ఛత్తీస్‌గఢ్ కేసు ఒకదాంట్లో 2019 మేలో జరిగిన నేరానికి బతికున్నంత కాలం జైలు అని వేస్తే, 2025లో సుప్రీంకోర్టు దాన్ని మామూలు యావజ్జీవంగా (తర్వాత ప్రభుత్వం శిక్ష తగ్గించే వీలున్నది) మార్చింది, నేరం రుజువైందన్నది మాత్రం అలాగే ఉంచింది.

తర్వాత బాధితురాలి వయసు, 12 లోపా 16 లోపా అన్నదాన్ని బట్టి సెక్షనూ కనీస శిక్షా మారిపోతాయి కాబట్టి స్కూల్ రికార్డు ఏం చెప్తోందో చూడాలి. రెండు మూడు సెక్షన్ల శిక్షలు ఒకేసారి నడుస్తాయని తీర్పులో రాశారా? రాయకపోతే ఒకదాని తర్వాత ఒకటి పడతాయి, ఇది చాలామంది చూసుకోరు. రిమాండ్‌లో ఉన్న రోజులు శిక్షలోంచి తగ్గించారా అన్నదీ చూడండి.

ఇంకోటి, కనీస శిక్షే పడి ఉంటే పేదవాళ్లం, ఒక్కడే కొడుకు అని బతిమాలినా హైకోర్టు అంతకన్నా తగ్గించలేదు, అప్పుడు నేర నిర్ధారణ మీదో సెక్షన్ మీదో వాదించాల్సిందే.

రాజీ అంటూ ఆ పిల్ల ఇంటికి మాత్రం వెళ్లకండి. అది వాళ్లని మళ్లీ హింసపెట్టడమే, పైగా అత్యాచారం కేసుల్లో రాజీ చూసి శిక్ష తగ్గించకూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఆ పిల్ల పేరు, ఫొటో ఎక్కడా పెట్టకండి, అది వేరే నేరం అవుతుంది.

అప్పీల్‌తో పాటే శిక్ష సస్పెండ్ చేసి బెయిల్ ఇమ్మని పిటిషన్ వెయ్యమని లాయర్‌కి చెప్పండి.