చెన్నై నుంచి సింగపూర్ ఎంత దూరం, ఎన్ని గంటలు, టికెట్ మీద టైం ఎలా చూసుకోవాలి

నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళ పిల్లలు సింగపూర్‌లో ఉంటే అమ్మానాన్నలు చాలామంది చెన్నై వచ్చి ఫ్లైట్ ఎక్కుతారు కదా, మా ఇల్లు పల్లావరంలో ఎయిర్‌పోర్ట్ పక్కనే కాబట్టి చుట్టాలు ముందు మా ఇంట్లోనే దిగుతారు, అందరూ అడిగేది ఒకటే, ఎంతసేపురా ప్రయాణం అని.

గాల్లో దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. మీరే లెక్కేసి చూసుకోవచ్చు. చెన్నై ఉత్తర అక్షాంశం 13, తూర్పు రేఖాంశం 80, సింగపూర్ 1, 104. తేడాలు 12, 24, స్కూల్లో చెప్పిన కర్ణం లెక్క వేస్తే 27 డిగ్రీల లోపు వస్తుంది, డిగ్రీకి 111 కిలోమీటర్లు. కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే భూమధ్యరేఖ నుంచి పైకి వచ్చేకొద్దీ రేఖాంశాల మధ్య దూరం తగ్గుతుంది. దూరాన్ని విమానం వేగంతో, అంటే గంటకి 850 కిలోమీటర్లతో భాగించి, రన్‌వే దాకా పోవడం, ఎక్కడం, దిగడం కలిపి ముప్పావుగంట వేసుకోండి, 4 గంటల 10 నిమిషాలు, గాలిని బట్టి కాస్త అటూ ఇటూ. దారంతా దాదాపు బంగాళాఖాతమే, నికోబార్ వైపుగా పోతుంది.

అసలు తికమక టికెట్ దగ్గరే. ఎక్కే టైం ఇక్కడిది, దిగే టైం అక్కడిది, సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11.15కి ఎక్కి పొద్దున 6కి దిగడం అని చూసి మా పెద్దమ్మ ఏడు గంటలు కూర్చుంటే నా మోకాళ్ళు ఏమైపోతాయ్ అని రెండ్రోజులు నిద్రపోలేదు, నేను కూర్చోబెట్టి చెప్పా, ఇక్కడ 11.15 అంటే అక్కడ 1.45, అక్కణ్ణుంచి 6 దాకా నాలుగుంబావే అని. వచ్చేటప్పుడు రివర్స్, అక్కడ సాయంత్రం 6కి ఎక్కితే ఇక్కడ 7.40కి దిగుతారు, గంటా నలభై నిమిషాలే అనుకోకండి, రెండున్నర కలపాలి.

తేదీ మాత్రం రెండుసార్లు చూడండి, ప్లీజ్. టికెట్‌లో 15వ తేదీ 00.40 అని ఉంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. మా బాబాయి వాళ్ళు 15 రాత్రి సంచులు, ఊరగాయ డబ్బాలతో దిగారు, ఫ్లైట్ ముందు రాత్రే వెళ్ళిపోయింది, మళ్ళీ టికెట్లు కొనాల్సొచ్చింది, పిన్ని ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

నెల్లూరు నుంచి అయితే చెన్నైకి 175 కిలోమీటర్లు, రైల్లో మూడు గంటలు వేసుకోండి. సెంట్రల్‌లో దిగి మెట్రో బ్లూ లైన్ ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టే, లోకల్ ట్రైన్‌లో వచ్చేవాళ్ళు తిరుసూలంలో దిగాలి. ఫ్లైట్‌కి మూడు గంటల ముందు చేరండి. అంటే ఇంటి నుంచి మనవడి దగ్గరికి మొత్తం పన్నెండు గంటలు అనుకుంటే కంగారు ఉండదు.

సింగపూర్ అరైవల్ కార్డు దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఫ్రీ, ఎవరికీ డబ్బులు ఇవ్వకండి.

షుగర్ ఉన్నవాళ్ళు మాత్రలు, ఇన్సులిన్, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే పెట్టుకోండి, ఏ టైంకి వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగండి. దిగేదాకా చేతి వాచీ మన టైంలోనే ఉంచండి, మందుల లెక్క తప్పదు, దిగాక రెండున్నర గంటలు ముందుకి తిప్పుకోండి.