పగిలిన నలుపును సరిచేసుకున్న విధం

నా ముఖాన్నే ఆధారంగా చేసుకుని మొదలుపెట్టిన ఒక నైరూప్య తైలవర్ణ చిత్రం, ఆ ముఖం నాకే నచ్చకపోవడం వల్ల, నాలుగుసార్లు నలుపు కిందికి వెళ్ళిపోయింది. ఆరు నెలలు తిరగకముందే ఆ నలుపు ఎండిన చెరువు అడుగులా బీటలు వారింది.

లోపం నా తొందరలోనే ఉంది. నేను వాడిన ఐవరీ బ్లాక్ అనే నలుపు నూనెను బాగా పీల్చుకుని చాలా నెమ్మదిగా ఆరే రంగు. అది లోపల ఇంకా పచ్చిగా ఉండగానే దానిమీద త్వరగా ఆరే పొరలు వేశాను. 1915లో నైరూప్య చిత్రకారుడు మాలెవిచ్ చిత్రించిన ‘నల్ల చతురస్రం’ కూడా పగుళ్ళు వారినదే. దాని కింద రంగుల చిత్రాలు దాగి ఉన్నట్లు 2015లో మాస్కోలోని ట్రెట్యాకోవ్ గ్యాలరీ పరిశోధకులు వెల్లడించారు. కప్పాలన్న ఆరాటం నా ఒక్కడిది కాదని అది చదివినప్పుడు అనిపించింది.

లేచిన పెచ్చులను పాలెట్ నైఫ్‌తో గీకేసి, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ, అల్ట్రామెరైన్ అనే నీలం కలిపిన ముదురు రంగును టర్పెంటైన్‌తో పలచన చేసి పూశాను. మూడు వారాలు ఆగి, ఆరిందని నిర్ధారించుకున్నాకే, నూనె ఎక్కువున్న పొరను పైన వేశాను. కిటికీ వెలుగులో ఈ నలుపు లోంచి నీలం తొంగిచూస్తుంది. గీకుతున్నప్పుడు ఎడమ అంచున, మొదటి ముఖపు చెంపకు వాడిన పసుపు మట్టిరంగు చిటికెనవేలంత వెడల్పున బయటపడింది. దానిముందు చాలాసేపు కూర్చున్నాను, ఈసారి కప్పలేదు.