చెరువు కాలువ బాగుచేయడానికి వెళ్లే జట్టుకు

వాన పడింది, వంక పారింది, చెరువు మాత్రం నిండలేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో ఈ మాట వినబడితే ముందు నడిచి చూడాల్సింది చెరువుకు నీళ్లు తెచ్చే కాలువను. కొండవాలు నుంచో వంక నుంచో వచ్చే ఈ సప్లై చానల్ సగం దూరం మట్టితో పూడిపోయి, మిగతా సగం సర్కారు తుమ్మతో కమ్ముకుపోయి, కల్వర్టుల దగ్గర ప్లాస్టిక్ కవర్లతో మూసుకుపోయి ఉంటుంది. చెరువులో పూడిక తీయాలంటే జేసీబీలు, టిప్పర్లు కావాలి. కాలువకు మనుషులు చాలు. కాలేజీ పిల్లలు, ఆదివారాలు ఖాళీ ఉన్న ఉద్యోగులు పన్నెండు మంది జట్టుకట్టి నాలుగైదు పూటలు వస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. మొక్క నాటి, ఫొటో దిగి, మళ్లీ అటు వెళ్లని కార్యక్రమాల కన్నా ఇది ఊరికి ఎక్కువ పనికొస్తుంది.

పెద్ద వానలు ఇక్కడ ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. కాబట్టి పని సెప్టెంబరు చివరికల్లా అయిపోవాలి. ఏప్రిల్, మే ఎండల్లో మట్టి రాయిలా ఉంటుంది, మనిషీ తట్టుకోలేడు. జూన్, జూలైల్లో నాలుగు చినుకులు పడ్డాక గడ్డపార సులువుగా దిగుతుంది.

పార పట్టేముందు ఊరితో మాట్లాడాలి

మొదటి రోజు పనిముట్లు తీసుకెళ్లకండి. సర్పంచిని, సాగునీటి వినియోగదారుల సంఘం వాళ్లను, ఆయకట్టు రైతులను కలవండి. ఊళ్లో నీరుగంటి పని (చెరువు నీళ్లు చేలకు వదిలే పని) చేసిన పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్ని వెంటబెట్టుకుని కాలువ మొదలు నుంచి చివరిదాకా నడవండి. నీళ్లు ఏ మలుపులో ఎగదన్నుతాయో, ఏ చోట గట్టు తెగి ఎవరి చేలోకి పోయాయో ఆయనకు తెలిసినంతగా ఏ మ్యాపూ చెప్పదు. చెరువు ఏ శాఖ అజమాయిషీలో ఉందో కనుక్కుని, వాళ్లకూ పంచాయతీకీ కాగితం రాసిచ్చి అనుమతి తీసుకోండి. కంప కొట్టుకునే హక్కు పంచాయతీ ఎవరికైనా వేలంలో ఇచ్చి ఉండవచ్చు. అడగకుండా నరికితే మొదటి రోజే గొడవ.

ఇంకో సంగతి తప్పకుండా అడగాలి: ఈ కాలువ ఉపాధి హామీ పనుల జాబితాలో ఉందా? ఉంటే ఆ ముక్క వదిలేయండి. కూలి వచ్చే పనిని మీరు ఊరికే చేసిపెడితే ఊళ్లో కొన్ని కుటుంబాలకు ఆ కూలి పోయినట్టే. జాబితాలో లేని కల్వర్టులు, మలుపులు, కంప పట్టిన చోట్లు మీవి.

కాలువను చేలో కలిపేసుకున్న చోటు ఎదురైతే అక్కడ ఆగండి. ఆ తగువును పారతో తేల్చకూడదు. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉంటారు. ఎఫ్ఎంబీ (పొలాల కొలతలు, హద్దులు గీసిన రికార్డు) చూసి హద్దు చూపించడం ఆయన పని.

కాలువ తల శేషాచలం అడవి అంచున ఉంటే అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టు గీత దాటవద్దు. ఎర్రచందనం పెరిగే కొండలివి. గొడ్డళ్లు వేసుకుని తెల్లవారుజామున ఒక వ్యాను నిండా మనుషులు దిగితే చూసినవాళ్లు ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు.

పనిముట్లు

పన్నెండు మందికి నాలుగు గడ్డపారలు, అయిదు పారలు, మూడు మచ్చుకత్తులు, ఒక గొడ్డలి, ఎనిమిది తట్టలు, రెండు రంపాలు, ఒక ఆకురాయి, యాభై మీటర్ల తాడు, కొన్ని మేకులు సరిపోతాయి. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక ట్యూబు పదిహేను మీటర్లు కొనండి. దాని సంగతి కింద వస్తుంది. పారకు, గొడ్డలికి కామ వదులుగా ఉంటే ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, చీల కొట్టి బిగించండి. పని మధ్యలో ఊడి ఎగిరిన గొడ్డలి ఎవరి కాలి మీద పడుతుందో చెప్పలేం.

చెప్పులతో ఎవరినీ కాలువలోకి దిగనివ్వద్దు. సర్కారు తుమ్మ ముల్లు మామూలు స్పోర్ట్స్ షూ అడుగును కూడా చీల్చుకుని వస్తుంది. మందపాటి అడుగున్న తోలు బూట్లు, తోలు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా ఉండాలి. కొమ్మలు నరికేవాళ్లకు కళ్లద్దాలు తప్పనిసరి. టీటీ ఇంజక్షన్ ముందే వేయించుకుని రావాలి. ముల్లు మొన లోపలే విరిగిపోయి కీలు దగ్గర వాపు వస్తే ఇంటి వైద్యం చేసుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించాలి.

కంప తీయడం

ముందు చెట్టును గుర్తుపట్టండి. సర్కారు తుమ్మకు పసుపుపచ్చని పొడుగాటి కంకిలాంటి పూత, పసుపురంగు కాయలు. మన నల్లతుమ్మకు గుండ్రటి పసుపు పూలు, పూసలు గుచ్చినట్టు నొక్కులున్న బూడిదరంగు కాయలు. నల్లతుమ్మ జోలికి పోవద్దు. చెరువులో నీళ్లున్నప్పుడు పిట్టలు గూళ్లు కట్టేది దాని మీదే.

పండిన కాయలుంటే నరకడానికి ముందే ఏరి గోనెసంచుల్లో నింపండి. అవి కాలువలో రాలితే మొదటి ప్రవాహంతోనే గింజలు చెరువులోకి చేరతాయి. మేకలు, ఆవులు కాయలు తిని పేడలో గింజల్ని చల్లుతాయి కాబట్టి ఆ సంచులను మేపు దారిలో పెట్టకూడదు.

ఈ చెట్టుతో అందరూ చేసే తప్పు ఒకటే: నేలమట్టానికి నరికి అయిపోయిందనుకోవడం. మొదలు పైభాగంలో, నేలకు కాస్త కిందా మొగ్గలు దాగి ఉంటాయి. ఒక మొదలు నరికితే వానకు పది కొమ్మలు లేస్తాయి. అందుకని వేలంత లావు మొక్కలను నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో లాగేయండి. మణికట్టంత లావైతే కొమ్మలు కొట్టేసి, రెండు మూడు అడుగుల మోడు నిలబెట్టండి. ఆ మోడే తర్వాత మీకు మీటలా పనికొస్తుంది. చుట్టూ అడుగు లోతు తవ్వి, పక్కవేర్లు కోసి, తల్లివేరును నేలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల కింద నరకండి. మోడును ఇద్దరు అటూ ఇటూ ఊపితే వచ్చేస్తుంది. తొడంత లావు దాటినవాటికి జేసీబీ కావాలి, వాటితో పూటంతా కుస్తీ పట్టవద్దు.

కిరోసిన్, పాత ఇంజిన్ ఆయిల్ పోస్తే చచ్చిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. నీళ్లు పారే చోట అది వద్దు. తగలబెట్టడమూ వద్దు. మంట గట్టు ఎక్కి పక్క చేలకు పాకుతుంది, మొదలు మాత్రం మళ్లీ చిగురిస్తుంది. కొట్టిన కంపను రైతులు కంచెకు, వంటచెరకుకు తీసుకెళతారు. రోడ్డు దాకా చేర్చిపెడితే సాయంత్రానికి మిగలదు.

చెరువు కట్ట మీది చెట్ల వేర్లను మాత్రం తవ్వకండి. వానల ముందు కట్టలో గుంతలు పడితే నీళ్లకు దారి చేసినట్టే. నరికి వదిలేసినా కట్ట లోపల కుళ్లిన వేరు చోట సొరంగంలా ఖాళీ ఏర్పడి నీరు ఊరుతుంది. 2021 నవంబరులో రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చినప్పుడు కింది పల్లెలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. కట్ట, తూము, మొరవ (చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే దారి) ఇంజనీర్ల పని. మీరు చూసింది ఫొటో తీసి వాళ్లకు చెప్పండి, అంతే. కట్ట అడుగున మట్టి కూడా ఎత్తవద్దు.

మట్టి తీయడం

చెరువు దగ్గర మొదలుపెట్టి పైకి పోండి. పై నుంచి దిగితే, మధ్యలో ఒక వాన పడినప్పుడు బాగుచేసిన చోట వేగం పుంజుకున్న నీళ్లు, పూడి ఉన్న చోటికొచ్చి గట్టు తెంచుకుని ఎవరి వేరుశనగ మీదో పడతాయి. కల్వర్టునూ కింది వైపు నుంచే తెరవాలి. పొడుగు వెదురుకు కొక్కెం కట్టి చెత్త లాగండి. చెయ్యి పెట్టకండి, లోపల పాము ఉండే చోటది.

కాలువ అడుగుభాగం వెడల్పు మీటరు ఉంటే చాలు. పక్కలను గోడల్లా నిటారుగా చెక్కకండి, మొదటి వానకే విరిగి లోపల పడతాయి. ఒక అడుగు లోతుకు ఒక అడుగు వాలు ఇవ్వండి. తీసిన మట్టిని పల్లం వైపు, అంచుకు కనీసం మీటరు ఎడంగా వేసి తొక్కించండి. మిట్ట వైపు వేశారంటే పక్క చేల నుంచి కాలువలోకి రావాల్సిన నీటికి అడ్డం కట్టినట్టు అవుతుంది. కొత్త జట్లలో చాలామంది చేసే పొరపాటు ఇది. ఒండ్రు మట్టి చేలకు కావాలని రైతులు అడిగితే పంచాయతీకి చెప్పి ఇవ్వండి. ఇసుక మాత్రం ఎవరికీ ఎత్తవద్దు, దానికి వేరే రూల్సున్నాయి.

వాలు చూసుకోకపోతే చేసిన పనంతా గుంతలై, నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి. ట్యూబులో నీళ్లు పోసి గాలిబుడగ ఒక్కటీ లేకుండా చూడండి. కొలతలు గీసిన రెండు కర్రలకు ట్యూబు రెండు కొసలూ కట్టి, కాలువ అడుగున పది మీటర్ల దూరంలో నిలబెట్టండి. కింది కర్ర మీద నీటిమట్టం పై కర్ర కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ చూపించాలి. సమానంగా ఉంటే నీళ్లు కదలవు, తక్కువుంటే వెనక్కి తంతాయి. అయిదారు సెంటీమీటర్లు తేడా ఉంటే ప్రవాహం అడుగును కోసేస్తుంది. అలాంటి చోట రాళ్లు పరిచి మెట్టులా చేయండి.

ఒక ఘనపు మీటరు తడిమట్టి టన్నున్నరకు పైనే తూగుతుంది. అలవాటు లేని మనిషి నాలుగు గంటల్లో ముప్పావు ఘనపు మీటరు తీస్తే గొప్ప. ఎనిమిది మంది తవ్వితే ఆరు ఘనపు మీటర్లు. మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల పూడిక అనుకుంటే పూటకు 20 మీటర్లు. ఊరికి ఇంతే చెప్పండి. కిలోమీటరు చేసిపెడతామని మాటిచ్చి 60 మీటర్ల దగ్గర కనబడకుండా పోయిన జట్టును ఏ ఊరూ మళ్లీ రానివ్వదు.

ఎండ, పాము, ఏనుగు

ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు ఆపండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవికి దగ్గరి చెరువుల్లో మాత్రం ఏనుగులు తెల్లవారుజామున, సాయంత్రం నీళ్లకు వస్తాయి. అక్కడ ఊరివాళ్లను అడిగి, బాగా తెల్లవారాకే దిగండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు లెక్కపెట్టుకోండి. లీటరు నీళ్లలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు కలిపిన సీసా ఒకటి జట్టులో ఉండాలి. చెమట పట్టడం ఆగిపోయినా, మాట తడబడినా నీడకు చేర్చి తడిపి, 108కు ఫోన్ చేయండి. తిండికి ఊరి మీద భారం వేయకుండా, డ్వాక్రా సంఘం వాళ్లకు డబ్బులిచ్చి సంగటి, ఊరిబిండి, మజ్జిగ చేయించుకోండి.

పూడికలో, కంప కుప్పల కింద రక్తపింజర, కట్లపాము ఉంటాయి. కుప్పను ముందు కర్రతో తట్టి, తర్వాతే చెయ్యి వేయాలి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఉంగరం, వాచీ తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పామును వెతుకుతూ కూర్చోనక్కర్లేదు.

పని అయ్యాక

పల్లం వైపు వేసిన మట్టిగట్టు మీద ఆగస్టు, సెప్టెంబరుల్లో తాటి టెంకలు పాతించండి. నీళ్లు పోసే పని లేదు, గట్టు నిలుస్తుంది. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఇద్దరు వెళ్లి కాలువ వెంట నడవండి. నీళ్లు నిలిచిన చోట, గట్టు కోసిన చోట మేకు కొట్టి గుర్తు పెట్టుకోండి, వచ్చే ఏడాది పని అక్కడ మొదలవుతుంది. ఆరు వారాలకు తుమ్మ మొలకలు జానెడెత్తు లేస్తాయి. నేల తడి ఆరకముందే అందరూ ఒక్క పూట వచ్చి చేత్తో పీకేయాలి. ఆ పూట తప్పిపోతే మళ్లీ గడ్డపారే.