వేపచెక్కతో మధ్యయుగపు మాదిరి జోడు దువ్వెన

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1500 ప్రాంతంలో ఫ్రాన్సులో బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కతో చేసిన దువ్వెనలు ఉన్నాయి. ఒకవైపు చిక్కు తీసే లావు పళ్ళు, ఇంకోవైపు పేలు దువ్వే సన్నపళ్ళు, నడుమ పట్టీలో జాలీ పని, అంటే ఆరపార కోసిన నగిషీ. ఆ మాదిరికి మన తిరుపతి వైపు బాగా ఆరిన వేప చాలు. ఎర్రచందనం ముక్క ఎవరు చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోకండి, పర్మిట్ లేకుంటే కేసే.

10 సెం.మీ. ఎత్తు, 9 సెం.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న ముక్క తీసుకోండి. చెక్క నార పళ్ళ పొడవునా నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే మొదటి చిక్కుకే పళ్ళు మొదళ్ళ దగ్గర పుటుక్కుమంటాయి. నడుమ 4 సెం.మీ. పట్టీ వదిలి, అక్కణ్ణుంచి రెండు అంచులకూ 3 మి.మీ. మందం వచ్చేదాకా ఏటవాలుగా చిత్రిక పట్టండి.

ముందు జాలీ, తర్వాతే పళ్ళు. పళ్ళు కోశాక వైస్‌లో బిగిస్తే విరుగుతాయి. 2 మి.మీ. బెజ్జం వేసి, కంసాలి వాడే సన్నరంపం బ్లేడు అందులోంచి దూర్చి పూలచక్రమో, పూలతీగో కోయండి. శంఖచక్రనామాలు మాత్రం వద్దు, ఇది తలనూనె జిడ్డు అంటే వస్తువు.

రెండు కొసల్లో సెంటీమీటరు చొప్పున కోయకుండా వదలండి, దువ్వెనకు బలం అదే. లావు పళ్ళకు హ్యాక్‌సా బ్లేడు, పన్ను 2 మి.మీ.; సన్నపళ్ళకు కంసాలి రంపం, పన్ను 1.2 మి.మీ. వేపలో అంతకన్నా సన్నగా నిలవవు. రంపం పక్కకు జారడం ఇక్కడ మామూలు తంటా. కోస్తున్నప్పుడు పన్ను వంగి దారి ఇస్తుంది కాబట్టి, కోసిన సందులో వెంటనే అంతే మందం అట్టముక్క దూర్చి పక్కది కోయండి. రంపం రెండు ముఖాల్లోనూ ఒకే గీత దగ్గర ఆగాలి. విరిగిన పన్నును ఫెవికాల్‌తో అతికించి లాభం లేదు.

సందుల్లో 220, ఆపైన 400 నంబరు గరుకు కాగితం సన్నగా చీల్చి లాగండి. మొనలు గుండ్రంగా రాకుంటే మాడు గీరుకుంటుంది. అవిసె నూనె పలచగా పూసి, మిగిలింది తుడిచి మూడు రోజులు ఆరనివ్వండి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే అంటుకోవచ్చు, పరిచి ఆరేయండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో చెక్క తేమ పీల్చి నారకు అడ్డంగా ఉబ్బుతుంది. కోత పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి.