తాబేలు చిప్ప మెత్తబడుతోందా? ముందు బల్బు సంగతి చూడండి

లక్షణం

చెవి పక్కన ఎర్ర చారలుండే స్లైడర్ తాబేలు. చిప్ప అంచు బొటనవేలితో నొక్కితే లోపలికి వంగుతోంది. మేత తగ్గించింది, వెనక కాళ్లు ఈడుస్తోంది. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో చిప్ప కాస్త మెత్తగా ఉండటం మామూలే కానీ, పెరిగాక కూడా అలాగే ఉంటే తేడా ఉన్నట్టే. ఇలాంటి ఇంట్లో వినబడే మాట ఒకటే: "యూవీ బల్బు పెట్టామండీ, పొద్దస్తమానం వెలుగుతూనే ఉంది."

నీళ్లు మార్చడం, ఫిల్టర్ కడగడం మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

అందరూ వదిలేసే చెకింగ్

బల్బుకీ తాబేలుకీ మధ్య అద్దం ఉందా? ట్యాంకుకి గ్లాసు మూత వేసి దాని మీద లైటు పెడుతున్నారు. తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవ్వాలంటే యూవీబీ కావాలి, అంటే ఎండలోనూ ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు. మామూలు అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండ కూడా ఇందుకు పనికిరాదు. మూత తీసేయండి. దానికి పైసా ఖర్చు లేదు. ఇది చూడకుండా కాల్షియం సిరప్ కోసం పరిగెత్తేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. ఒంట్లో డి3 తయారు కాకపోతే ఆ కాల్షియం ఒంటికి పట్టదు.

అసలు దొంగ: డబ్బా మీద యూవీబీ, లోపల హాలోజన్

అద్దం లేదు, దూరం సరిగానే ఉంది, బల్బు కొత్తది. అయినా చిప్ప గట్టిపడదు. అప్పుడు బల్బునే అనుమానించాలి. 25 లేదా 50 వాట్ల చిన్న స్పాట్ బల్బు, డబ్బా మీద బల్లి బొమ్మ, పెద్ద అక్షరాల్లో 'యూవీఏ + యూవీబీ'. ఆన్‌లైన్‌లో జత కొన్ని వందలకు వస్తుంది. ఊళ్లో ఎక్వేరియం షాపులోనూ అదే సరుకు, ఇంకాస్త ఎక్కువ ధరకు. లోపల తీగ వేడెక్కి వెలిగే బల్బు మామూలుదైనా, హాలోజన్ అయినా పనికొచ్చేంత యూవీబీ ఇవ్వదు. వేడి మాత్రం ఇస్తుంది. తాబేలు దాని కింద రాయెక్కి, మెడ సాచి, కాళ్లు వెనక్కి చాపుకుని పడుకుంటుంది. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. డి3 తయారయ్యేది సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల కిరణాలతో. అవి మన కంటికి కనబడవు. అందుకే ఈ మోసం నెలల తరబడి బయటపడదు.

అడిగితే కొందరు షాపువాళ్లు 500 నోటు బల్బు కింద పెట్టి "దారం మెరిసింది చూడండి" అంటారు. డి3కి పనికిరాని యూవీఏ కిరణాలు తగిలినా అది మెరుస్తుంది. రంగు మారే పూసలూ అంతే. అవేవీ యూవీబీకి సాక్ష్యం కావు.

స్పాట్ బల్బులకు ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. పది నిమిషాలు వెలగనిచ్చి, ఆర్పి, వెంటనే స్విచ్ వేయండి. టక్కున పూర్తి వెలుగుతో వచ్చిందంటే హాలోజనో, మామూలు తీగ బల్బో అయ్యుంటుంది. నిజంగా యూవీబీ ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బు వేడి మీద మళ్లీ అంటుకోదు, చల్లారేదాకా కొన్ని నిమిషాలు ఆగాల్సిందే. తీగ కనబడిందని మాత్రం తీర్పు చెప్పకండి, మెర్క్యురీ వేపర్ బల్బు లోపలా తీగ ఉండొచ్చు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే బల్బు పాడవుతుంది.

పరిష్కారం

వేడికి ఒక బల్బు, యూవీబీకి వేరే ట్యూబు. పేరున్న కంపెనీ టీ5 (సన్నటి రకం) యూవీబీ ఫ్లోరసెంట్ ట్యూబు తీసుకుని, డబ్బా మీద రాసిన దూరంలో బిగించండి. జాలీ అడ్డం ఉంటే యూవీబీ ఇంకా తగ్గుతుంది. ట్యూబు వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి దాని యూవీబీ పడిపోతుంది. బిగించిన తేదీ దాని చివర మార్కర్‌తో రాసుకోండి.

రాయి, థర్మామీటరు, హీటరు, వేడి బల్బు ఊళ్లోనే కొనండి. పగిలినా, పనిచేయకపోయినా మార్చుకోవచ్చు. ట్యూబు మాత్రం షాపులో లేకపోతే "అదే పనిచేస్తుంది సార్" అని చేతిలో పెట్టే బల్బు తీసుకోవద్దు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోండి. అక్కడ "చాలా వెలుగుగా ఉంది" అనే రివ్యూలు వదిలేసి, వివరాల్లో కింద చిన్న అక్షరాల్లో 'హాలోజన్' అని ఉందేమో చూడండి. వోల్టులూ చూడాలి. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన 120 వోల్టుల బల్బు మన 230 మీద మాడిపోతుంది.

ట్యూబు వచ్చేదాకా బాల్కనీలో ఉదయపు ఎండ చాలు. ప్లాస్టిక్ టబ్బులో, సగం నీడ ఉండేలా, మీరు పక్కనే ఉండి చూసుకోండి. గ్లాసు ట్యాంకు మాత్రం ఎండలో పెట్టకండి, నీళ్లు వేడెక్కిపోతాయి.

మిగతావి

కళ్లు వాచి మూసుకుపోతే, ఎండు రొయ్యలే పెడుతున్నారేమో చూడండి. విటమిన్ ఎ లోపం కావచ్చు. నీటిని శుద్ధి చేసే యూవీసీ లైటు బల్బుగా పెట్టి ఉంటే ఈ క్షణమే ఆపేయండి, తాబేలు కళ్లూ మీ కళ్లూ దెబ్బతింటాయి. చిప్ప మీద పుండు, దుర్వాసన ఉంటే, లేదా కాళ్లు అసలే ఆడకపోతే సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మీ దగ్గరున్నది నక్షత్ర తాబేలైతే ఇదేదీ వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడమే నేరం, అటవీ శాఖకు ఫోన్ చేయండి.